అక్క చూసిన కణాలు

చెల్లెలి మొదటి బిడ్డ పుట్టిన రోజున నర్సు ఆ పసితల చుట్టూ టేపు పెట్టి కొలిచింది. అంకె చూసి, రాసుకోకుండా మళ్లీ కొలిచింది. మూడోసారి కొలవడానికి ఇంకో నర్సును పిలిచింది. పక్కనే నిలబడి ఉన్న అక్కకు అప్పుడే అర్థమైంది, ఏదో తేడా ఉందని. బిడ్డ మాత్రం గట్టిగా ఏడ్చింది, చక్కగా పాలు తాగింది. కళ్లూ ముక్కూ తల్లివే. నుదురు మాత్రం కనుబొమల దగ్గరనుంచే వెనక్కి వాలిపోయింది.

ఆ పిల్లను అందరూ చిట్టి అనేవారు. చిట్టి రెండేళ్లకు కూర్చుంది, నాలుగేళ్లకు నడిచింది, ఆరేళ్లు వచ్చేసరికి పద్నాలుగు మాటలు నేర్చింది. ఆ పద్నాలుగింటిలో "వద్దు" ఒకటి. దాన్ని మాత్రం సందర్భం చూసి, స్పష్టంగా వాడేది. దువ్వెన తెస్తే వద్దు, మందు తెస్తే వద్దు, నాయనమ్మ ముద్దు పెట్టుకోబోతే వద్దు. ఈ ఇంట్లో మనసులో మాట పైకి అనేది ఇదొక్కతేనని చెల్లెలి భర్త నవ్వేవాడు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అక్కాచెల్లెళ్లకు మేనత్త కొడుకే. అందుకని ఆ ఇంట్లో అత్తగారంటే పరాయి మనిషి కాదు, చిన్నప్పుడు ఇద్దరికీ జడలు వేసిన అత్తయ్యే. ఆ అత్తయ్యే ఆరేళ్లపాటు చెల్లెలి మీద ఒక మాట మోపింది. చెల్లెలు కర్టెన్లు కుట్టే కొట్లో పని చేస్తుంది. చిట్టి కడుపులో ఉన్నప్పుడు, అయిదో నెలలో, కొట్లో కర్టెన్ కడ్డీ తగిలించడానికి స్టూలెక్కి కాలు జారి పడింది. కనీసం కమిలింది కూడా లేదు. అయినా చిట్టి తల అలా ఉండడానికి ఆ స్టూలే కారణమని అత్తయ్య తేల్చేసింది. అరిచి అనలేదు ఎప్పుడూ. ఆరిన బట్టలు మడతపెడుతూ, ఆ బట్టలకు చెబుతున్నట్టు అనేది: ఆ రోజు ఆ స్టూలు ఎక్కకపోయుంటే ఎంత బాగుండేదని. విని విని చెల్లెలూ నమ్మేసింది. బల్బు మాడిపోతే మొగుడు వచ్చేదాకా చీకట్లోనే కూర్చునేది గాని స్టూలు ముట్టుకునేది కాదు.

అక్కది ఒక పరిశోధన సంస్థలో టెక్నీషియన్ ఉద్యోగం. పెద్దాసుపత్రి వెనక గోడకు ఆనుకుని ఉంటుంది ఆ భవనం. అక్కడ ఇరవై రెండేళ్లుగా ఆమె చేసే పని ఒకటే: గాజు పళ్లేల్లో కణాలు పెంచడం, వాటికి రంగులు పట్టించడం, కిటికీల్లేని చిన్న గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని అవి ఎలా రెండుగా చీలుతున్నాయో చూడడం. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, పొద్దున్నించి సాయంత్రందాకా విడిపోయేవాళ్లనే చూస్తున్నాను, నాకెందుకులే జంట అనేది.

ఆమె పై అధికారిని అందరూ ప్రొఫెసరమ్మ అనేవారు. ప్రొఫెసరమ్మ పరిశోధనంతా ఒక్క ప్రొటీన్ చుట్టూ తిరిగేది. కణం చీలబోయే ముందు దానిలో రెండు చుక్కల్లాంటివి చెరో కొసకూ చేరతాయి. వాటిని సెంట్రోసోమ్‌లంటారు. ఆ రెండింటి నుంచీ దారాలు బయల్దేరి, నడిమధ్య వరసగా నిలబడిన క్రోమోజోములను పట్టుకుని, సగం ఇటూ సగం అటూ లాగుతాయి. ఆ చుక్కలు చెదరకుండా, దారాలు వంకర పోకుండా కాపుకాసే ప్రొటీన్లు చాలా ఉన్నాయి. ప్రొఫెసరమ్మది వాటిలో ఒకటి. ఆకుపచ్చ రంగు పట్టించి చూస్తే కణానికి రెండు కొసల్లోనూ రెండు దీపాలు పెట్టినట్టు వెలుగుతుంది.

కొన్ని కుటుంబాల్లో ఆ ప్రొటీన్ లేని పిల్లలు చిన్న తలతో పుడుతున్నారని ఒకసారి ప్రొఫెసరమ్మ పాఠంలో చెప్పగా అక్క వింది. వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి వెళ్లి చిట్టి సంగతి చెప్పింది. కాగితాల మీద సంతకాలయ్యాయి. చిట్టి చేతి నుంచి మిరియపు గింజంత చర్మం తీశారు. చిట్టి "వద్దు" అంటూనే ఉంది. నెల తిరక్కుండానే ఆ చర్మపు కణాలు పళ్లెంలో పెరిగాయి. అక్కే రంగు పట్టించి, అక్కే చూసింది. ఎక్కడా ఆకుపచ్చ దీపాల్లేవు. దారాలు కొన్ని పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆసుపత్రివాళ్లు జన్యువు చదివి అదే మాట రాసిచ్చారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క వాళ్లింటికి వెళ్లి, అత్తయ్య కుట్టుపెట్టెలోని బొత్తాలు నేలమీద పోసి కూర్చుంది. ఒక బొత్తాన్ని రెండు చేసింది, రెండింటిని నాలుగు, నాలుగింటిని ఎనిమిది. మెదడు కట్టవలసిన మూలకణాలు ముందు ఇలా రెట్టింపవుతూ పోవాలి, సరిపడా అయ్యాకే మెదడు కణాలుగా మారాలి అని చెప్పింది. చిట్టిలో అవి నడిమికి సమంగా చీలలేకపోయాయి. అందుకని రెట్టింపవడం తొందరగా ఆపేసి, ఉన్నంతలోనే మెదడు కట్టుకున్నాయి.

"అది మూడో నెల, నాలుగో నెలల్లోనే మొదలయ్యే సంగతి అత్తయ్యా. స్టూలు మీంచి పడింది అయిదో నెలలో. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఈ లోపం తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వస్తేనే బయటపడుతుందని కూడా చెప్పింది. రెండూ తాతయ్య దగ్గరనుంచి దిగి వచ్చినవే. తాతయ్య అంటే అత్తయ్యకు సొంత తండ్రి. అత్తయ్య బొత్తాలు ఒక్కొక్కటే ఏరి పెట్టెలో వేసుకుని లేచిపోయింది. మళ్లీ ఎప్పుడూ స్టూలు ఊసెత్తలేదు. వారం తిరక్కుండా వంటింట్లో బల్బు మాడితే చెల్లెలు అందరూ చూస్తుండగా స్టూలెక్కి తనే మార్చింది.

అప్పటినుంచీ ఆ ఇంట్లో అక్క మాటకు తిరుగులేకుండా పోయింది. జ్వరం వస్తే ఆమెకే ఫోను, చిట్టి పళ్లు పుచ్చితే ఆమెకే ఫోను. కణాల గురించి తప్ప నాకేమీ తెలియదర్రా అని అక్క మొత్తుకున్నా ఎవరూ వినేవాళ్లు కాదు. వినకపోవడం ఆమెకూ బాగానే ఉండేది.

మరుసటి ఏడు చెల్లెలికి మళ్లీ నెల తప్పింది.

నాలుగింట ఒక వంతు మళ్లీ అలాగే పుట్టే అవకాశం ఉందని డాక్టరు చెప్పింది. పన్నెండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే ముందే తెలుస్తుంది. తెలిశాక ఏం చేసుకోవాలన్నది తల్లిదండ్రుల ఇష్టం. అయితే అప్పటి చట్టం ప్రకారం ఇరవయ్యో వారం దాటితే కడుపు తీయించుకోవడానికి లేదు, ఇక ఎవరి ఇష్టంతోనూ పని లేదు. మొగుడూ పెళ్లాలు నాలుగు రోజులు ఆలోచించి పరీక్షకు ఒప్పుకున్నారు. సూది గుచ్చిన తర్వాత చెల్లెలికి మూడు రోజులు రక్తం కనపడింది. ఆ మూడు రోజులూ మంచం దిగకుండా పైకప్పు చూస్తూ పడుకుంది.

తీసిన ముక్కలో చాలా భాగం ఆసుపత్రి లాబుకు వెళ్లింది. ముందే చేసిన సంతకాల ప్రకారం చిటికెడు ప్రొఫెసరమ్మ పరిశోధనకు వచ్చింది. ప్రొఫెసరమ్మ ఆ వారమే పై ఊళ్లో సమావేశాలకు బయల్దేరుతూ అక్కను గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. మనం చూసేది మన చదువు కోసం, ఇంట్లోవాళ్లకు చెప్పవలసింది ఆసుపత్రి రిపోర్టు మాత్రమే అంది. మీ చెల్లెలు కాబట్టి మరీ జాగ్రత్తగా ఉండమంది. అక్క తలూపింది.

మాయ ముక్కను శుభ్రం చేయడం ఒక విద్య. బిడ్డకు చెందిన భాగం తెల్లగా, నీళ్లలో సన్నటి కొమ్మలు విచ్చుకున్నట్టు ఉంటుంది. దానికి తల్లి గర్భసంచి పొర గులాబీరంగు తునకల్లా అంటుకుని వస్తుంది. సన్నని పట్టకారుతో ఆ తునకల్ని ఒక్కటి మిగలకుండా తీసెయ్యాలి. ఆసుపత్రి లాబులో ఆ పని చేసే మనిషి కొన్ని వేల ముక్కలు చూసింది. అక్క నేర్చుకునే రోజుల్లో రెండుసార్లు చేసింది, అంతే. నలభై నిమిషాలు మెడ ఎత్తకుండా కూర్చుని ఏరింది. బాగా వచ్చిందనే అనుకుంది.

తొమ్మిదో రోజుకల్లా పళ్లెం నిండా కణాలు పరుచుకున్నాయి. ఇంత తొందరగానా అని ఒక క్షణం అనిపించింది. ఆ అనిపించడాన్ని అక్కడే వదిలేసింది. ఎందుకంటే తొమ్మిది రోజులుగా రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు, కొట్లో భోజనాల వేళ, చెల్లెలు ఫోను చేస్తూనే ఉంది. చూశావా అని ఒకటే ప్రశ్న. రంగులు పట్టించి, చిన్న గదిలో కూర్చుని చూసింది. చీలుతున్న కణాలు నలభై దొరికాయి. నలభైలోనూ రెండు కొసల్లో రెండు ఆకుపచ్చ దీపాలు. దారాలు తిన్నగా, ఒరగకుండా ఉన్నాయి. అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టింది.

ఆ రోజు చెల్లెలు ఫోను చేయలేదు. చిట్టిని వెంటబెట్టుకుని సంస్థ గేటు దగ్గరికే వచ్చేసింది. అక్క తెల్లకోటు విప్పకుండానే బయటికి వెళ్లింది.

"చూశావు కదూ," అంది చెల్లెలు.

"రిపోర్టు రానివ్వు. నేను చెప్పకూడదు."

"రిపోర్టు ఎవరో రాస్తారు. నువ్వు చూసింది నువ్వు చెప్పు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను."

చిట్టి అక్క కోటు బొత్తాం పట్టుకుని లాగుతోంది. చెల్లెలి కళ్ల కింద నల్లగా ఉంది. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గినట్టుంది మనిషి.

"బాగానే ఉందే," అంది అక్క. "నలభై చూశాను. నలభైలోనూ ఉంది."

చెల్లెలు అక్కడే గేటు పక్కన పిట్టగోడ మీద కూలబడింది. తర్వాత లేచి, చిట్టి ముక్కు తుడిచి, ఆకలేస్తోందే నాకు అంది. పది రోజుల్లో ఆమె ఆకలి మాట ఎత్తడం అదే మొదటిసారి.

పదిహేనో వారంలో ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. పంపిన నమూనాలో తల్లి కణాలు కలిసిపోయాయని, దాని ఆధారంగా ఏమీ చెప్పలేమని, పదహారో వారంలో ఉమ్మనీరు తీసి మళ్లీ పరీక్ష చేయించుకోవాలని రాశారు. చెల్లెలు చదివి మడిచి సొరుగులో పడేసింది. మళ్లీ సూది గుచ్చనివ్వనంది. అక్క కళ్లారా చూసి చెప్పాక ఇంకెవరు చెప్పాలంది. ఆ సాయంత్రం చెల్లెలి భర్త అక్కకు ఫోను చేశాడు. తను వినడం లేదు వదినా, మీరేమంటారు అని అడిగాడు. రెండు రోజులాగు, చెబుతానంది అక్క.

మర్నాడు అందరికంటే ముందే లాబుకు వెళ్లింది. తన పళ్లెంలో మిగిలిన కణాలు ఇంకా బతికే ఉన్నాయి. వాటిలో చిటికెడు తీసి, చిట్టి పరీక్షలప్పటి నుంచి దాచి ఉన్న చెల్లెలి నమూనా, మరిది నమూనా పక్కన పెట్టి, ఎవరివి ఎవరివో పోల్చే పరీక్షకు కింది అంతస్తుకు పంపింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. పదిహేను చోట్ల పోల్చారు. పదిహేనింటిలోనూ చెల్లెలి గుర్తులే ఉన్నాయి. బిడ్డ కణాలైతే సగం తండ్రి గుర్తులుండాలి. ఒక్కటీ లేదు.

అక్క తీసెయ్యలేకపోయిన గులాబీరంగు తునక ఏదో పళ్లెంలో మిగిలిపోయింది. అదే పెరిగి పెద్దదై పళ్లెమంతా ఆక్రమించింది. ఆమె చూసిన నలభై కణాలూ చెల్లెలివి. కడుపులో బిడ్డ కణం ఒక్కటి కూడా ఆమె కంట పడలేదు.

అప్పటికి పదిహేనో వారం ఇంకా పూర్తి కాలేదు. ఆ రోజే చెప్పి ఉంటే ఉమ్మనీరు తీయించడానికి టైముండేది.

మూడో రోజు మరిది మళ్లీ ఫోను చేశాడు. మొదటిసారి అక్క ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, తనకు ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యకు అంది. అది అబద్ధం కాదు. వినేవాడికి ధైర్యం ఇచ్చే మాట కూడాను. సరే వదినా, అలాగే అన్నాడతను, బరువు దింపుకున్నవాడిలా.

ఎందుకు చెప్పలేదని తర్వాత ఆమె తనను తాను చాలాసార్లు అడిగింది. ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చేది. మళ్లీ రక్తం కనపడి బిడ్డ పోతే ఎవరిది తప్పు అని భయపడ్డానని అనుకునేది. నాలుగింట మూడు వంతులు మంచే జరగవచ్చు కదా అని ఆ మూడు వంతుల వెనక దాక్కున్నానని అనుకునేది. అసలు జవాబు వీటన్నిటికన్నా చిన్నది. నోరు తెరిచి, నేను తప్పు చూశానని ఆ ఇంట్లో చెప్పడం ఆమె చేత కాలేదు.

ప్రయత్నం చేయకపోలేదు. ఒక రోజు వాళ్లింటికి వెళ్లింది. చెల్లెలు చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాట పాడుతోంది. అత్తయ్య, చిట్టి పసితనంలో కుట్టిన చిన్న చొక్కాలు పెట్టెలోంచి తీసి ఎండలో వేస్తోంది. అక్క టీ తాగి వచ్చేసింది. ఇంకో రోజు బస్సు దిగి, వాళ్ల వీధి మొదట్లో పావుగంట నిలబడి, వచ్చిన బస్సే ఎక్కి వెనక్కి వచ్చింది. మూడోసారి వెళ్లేసరికి చెల్లెలు నిద్రపోతోంది. అక్క సింకులో గిన్నెలన్నీ తోమి బోర్లించి, లేపకుండా వెళ్లిపోయింది.

మైక్రోస్కోపు గదిలో గోడకు క్యాలెండరు ఉంది. ఉమ్మనీరు తీశాక కణాలు పెరగడానికి రెండు వారాలు, పరీక్షకు వారం. ఇరవై లోంచి మూడు పోతే పదిహేడు. పదిహేడో వారం దాటిన సోమవారం ఉదయం ఆ క్యాలెండరు ముందు నిలబడి ఉండగా ఆమెకు గుండెల్లో ఏదో తేలికైనట్టయింది. అది ఏమిటో తెలిసి, తన మీద తనకే రోత పుట్టింది.

గురువారం కర్టెన్ల కొట్టుకు వెళ్లింది. లోపలి గదిలో చెల్లెలు పొడుగాటి బల్ల మీద నీలం గుడ్డ పరిచి, సుద్దతో గీత గీస్తోంది. కడుపు అప్పుడప్పుడే బయటపడుతోంది. అక్క తలుపు దగ్గరగా వేసి మొత్తం చెప్పింది. ఏది ముందో ఏది వెనకో కలిసిపోయింది గాని, ఏదీ దాచలేదు. ఒక్క తేదీ తప్ప. ఈమధ్యే తెలిసిందని మాత్రం అంది.

చెల్లెలు సుద్ద పక్కన పెట్టలేదు.

"అయితే ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇప్పుడు చెయ్యడానికేమీ లేదు. పరీక్షకు టైము చాలదు."

"మరెందుకు చెప్పావు?"

చెల్లెలు వంగి గీత పూర్తిచేసింది. కత్తెర తీసుకుని గీత వెంబడి ఆ చివరిదాకా కోసింది. తర్వాత, మా ఆయనకు గానీ అత్తయ్యకు గానీ చెప్పొద్దని, నువ్వు ఒకసారి బాగుందన్నావు కాబట్టి బాగున్నట్టే ఉంటానని, ఇంక వెళ్లమని చెప్పింది. గొంతు పెంచలేదు.

ఆ తర్వాతి పన్నెండు వారాలూ చెల్లెలు బాగున్నట్టే ఉంది. పనికి వెళ్లింది, నవ్వింది, ఉయ్యాలకు కొత్త గుడ్డ కుట్టింది. ముప్పయ్యో వారం స్కానింగుకు మొగుడితో కలిసి వెళ్లింది. స్కానింగు చేసే ఆవిడ మొదట్లో కబుర్లు చెబుతూనే ఉంది. తల కొలిచే దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. మెషీన్ మీద బాణం గుర్తును అటూ ఇటూ జరిపి, మళ్లీ జరిపి, డాక్టరును పిలుచుకొస్తానని లేచింది. ఆవిడ వచ్చేలోగా చెల్లెలు, తల చిన్నగా ఉంది కదూ అని తెరకేసి చూస్తూ అంది. మొగుడు తెల్లబోయి ఆమె వైపు చూశాడు. నీకెలా తెలుసని అతను అడిగాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెల్లెలు అతనికి చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు ఒక్కతే సంస్థలో అక్క పనిచేసే గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ఆసుపత్రివాళ్లు ఇచ్చిన తేదీల పుస్తకం ఉంది.

"నీకు ఏ రోజు తెలిసింది?"

అబద్ధం చెప్పవచ్చు. కింది అంతస్తు కాగితం తన సొరుగులోనే ఉంది, ఇంకెవరూ చూడలేదు. అక్క తేదీ చెప్పింది. చెల్లెలు పుస్తకం తెరిచి, వేలు పెట్టి, ఒక్కో వారం లెక్కపెట్టింది. లెక్క పూర్తయ్యాక పుస్తకం మూసింది.

"తీయించుకునేదాన్నో ఉంచుకునేదాన్నో నాకు తెలియదక్కా. చిట్టిని కన్నదాన్ని. ఉంచుకునేదాన్నేమో. కానీ అది నేను అనుకోవాల్సింది. నా బదులు నువ్వు అనుకున్నావు."

"భయమేసిందే."

"నాకు వెయ్యలేదా?"

అంతే అంది. మెట్లు దిగుతూ గోడ పట్టుకుని దిగింది. అక్క సాయం పట్టబోతే చెయ్యి విదిలించుకుంది.

ప్రొఫెసరమ్మకు కూడా అక్కే చెప్పింది, పిలవకముందే వెళ్లి. ప్రొఫెసరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అక్కకు అనిపించింది. రోగుల నమూనాలు ఇకమీదట ఆమె ముట్టుకోకూడదని, ఎలుక కణాల పని మాత్రం చూసుకోవాలని నిర్ణయమైంది. ఇరవై రెండేళ్లుగా ఆమె కూర్చున్న కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుంది. అక్క ఆ అమ్మాయికి మైక్రోస్కోపు ఫోకసు ఎలా కుదురుతుందో, దాని మర ఎక్కడ బిగుసుకుంటుందో చూపించి వచ్చేసింది.

బాబు తొమ్మిదో నెలలో పుట్టాడు. తల చిట్టి కంటే కూడా చిన్నది. ప్రొఫెసరమ్మ పరిశోధనకు బాబు రక్తం, చర్మం కావాలని అడిగితే చెల్లెలు సంతకం పెట్టింది. ఇంకెవరికైనా పనికొస్తుందేమో తీసుకోండి అందట. మా అక్క చెయ్యి మాత్రం పడకూడదని కాగితం కింద తన చేత్తో రాసిచ్చింది. ఆ వాక్యం చూసినవాళ్లెవరూ అక్కతో చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు తెలిసింది. అలాంటివి తెలుస్తాయి.

ఏడు నెలలు రాకపోకల్లేవు. అత్తయ్య ఒకసారి ఫోను చేసి, కాసేపు ఏడ్చి పెట్టేసింది. మరిది దారిలో కనిపిస్తే బాగున్నారా వదినా అనేవాడు, ఆగేవాడు కాదు. అక్క వంట చేసుకునేది, తినేది, ఎలుక కణాలకు నీళ్లు మార్చేది. కొన్నాళ్లు నిద్రకు మందు వేసుకుంది. పద్నాలుగు మాటల్లో తల్లి అక్కా అనడం విని తనను పిలవడానికి చిట్టి వాడే "కా" ఇంకా గుర్తుందో లేదోనని ఒక్కోసారి అనుకునేది.

ఎనిమిదో నెలలో, ఒక పనిదినం పొద్దున పదింటికి, చెల్లెలి దగ్గరనుంచి ఫోను వచ్చింది. చిట్టికి ఫిట్స్ వచ్చాయి, ఆసుపత్రిలో ఉన్నాం. మొగుడు వేరే ఊళ్లో పని మీద ఉన్నాడు. అత్తయ్యకు మోకాళ్లు పట్టేసి మంచం మీద ఉంది. బాబును ఎత్తుకునేవాళ్లు లేరు. గోడ దాటితే ఆసుపత్రే. అక్క తెల్లకోటుతోనే వెళ్లింది.

పిల్లల వార్డు బయట బెంచీ మీద చెల్లెలు కూర్చుని ఉంది. ఒళ్లో బాబు. లోపల చిట్టికి సెలైన్ ఎక్కిస్తున్నారు. గండం గడిచింది గాని తల్లి పక్కనుండాలని నర్సు రెండుసార్లు వచ్చి చెప్పింది. అక్క ఎదురుగా నిలబడి చేతులు చాచింది. చెల్లెలు వెంటనే ఇవ్వలేదు.

"నిన్ను క్షమించానని అనుకోకు," అంది. "చేతులు చాలడం లేదు, అంతే."

"అనుకోను," అంది అక్క.

చెల్లెలు బాబును అందించి, సంచీలోంచి పాలసీసా తీసి బెంచీ మీద పెట్టింది. వీడు మింగడం నిదానమని, తొందరపెడితే పొలమారుతుందని, సీసా కొంచెం వంచి పట్టుకుని గుక్క గుక్కకూ ఆగాలని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

అక్క తనకు కొడుకు వరసయ్యే ఆ పిల్లవాణ్ణి మొదటిసారి చూసింది. అరచేతిలో ఇమిడేంత తల. పెద్ద కళ్లు. వేలు ఇస్తే గట్టిగా పట్టుకున్నాడు. కోటు మీద మందుల వాసనకు ముఖం చిట్లించాడు. అక్క కోటు విప్పి పక్కన పడేసి, బాబును మోచేతి వంపులోకి తెచ్చుకుని, సీసా పెదవులకు ఆనించింది. ఒక గుక్క తాగి ఆగాడు. ఆమె ఆగింది. ఇంకో గుక్క తాగాడు. పాలు సగానికి వచ్చేసరికి వార్డు బయట గడియారంలో ముప్పావుగంట గడిచింది. లోపలినుంచి చిట్టి గొంతు వినిపించింది, సూది వేయడానికి వచ్చిన ఎవరికో "వద్దు" అని చెబుతూ. అక్క సీసాను కాస్త వంచి, మిగతా సగం పట్టడం మొదలుపెట్టింది.